కాలు విరిగిన మిడ్‌ఫీల్డర్‌కు కోర్టు ఏం లెక్కకట్టింది?

బ్రయాన్ మెకార్డ్ పేరు ఫుట్‌బాల్ అభిమానుల్లో చాలామందికి తెలియదు. ఇంగ్లండ్‌లో క్రీడలకు సంబంధించిన చట్టం చదివే విద్యార్థులకు మాత్రం మొదటి పాఠాల్లోనే ఎదురవుతుంది. గోల్స్ కొట్టి, కప్పులు గెలిచి సంపాదించుకున్న పేరు కాదది. 24 ఏళ్ల వయసులో కాలు విరిగి ఆట ఆగిపోతే, ‘ఇది నా తలరాత కాదు, ఎదుటివాడి నిర్లక్ష్యం’ అని హైకోర్టుకు వెళ్లి నెగ్గడం వల్ల వచ్చిన పేరు.

మెకార్డ్ 1968లో డెర్బీలో పుట్టాడు. సొంత ఊరి క్లబ్ డెర్బీ కౌంటీలోనే ఆటగాడయ్యాడు కానీ, మొదటి జట్టులో ఆడిన మ్యాచ్‌లు వేళ్ల మీద లెక్కపెట్టచ్చు. తర్వాత బార్న్స్‌లీకి వెళ్లాడు. అక్కడి నుంచి మాన్స్‌ఫీల్డ్ టౌన్ కొన్నాళ్లు లోన్ మీద, అంటే అరువుగా, తీసుకుంది. చివరికి మాంచెస్టర్ పక్కనే ఉండే స్టాక్‌పోర్ట్ కౌంటీకి చేరాడు. కింది డివిజన్లలో మిడ్‌ఫీల్డర్ (మైదానం మధ్యలో ఆడేవాడు) బతుకు చాలావరకు ఇలాగే ఉంటుంది. ఒక క్లబ్‌లో చోటు దొరకదు, ఇంకో క్లబ్ లోన్ మీద పిలుస్తుంది, అక్కడ బాగా ఆడితే మరో క్లబ్ ఒకటి రెండేళ్ల కాంట్రాక్ట్ ఇస్తుంది. అలా కుదురుకుంటే 30 దాటేదాకా ఏదో ఒక మెట్టు మీద నిలబడి ఆడుకోవచ్చు.

1993 మార్చిలో స్టాక్‌పోర్ట్, స్వాన్సీ సిటీ మ్యాచ్ ఆడాయి. స్వాన్సీ వేల్స్‌లోని ఊరే అయినా దాని క్లబ్ ఆడేది ఇంగ్లిష్ లీగ్‌లో. ఆ మ్యాచ్ జరిగింది సెకండ్ డివిజన్‌లో అని రికార్డులు చెబుతాయి, కానీ అది నిజానికి మూడో మెట్టు. అంతకు ముందు ఏడాది పైమెట్టులోని 22 క్లబ్బులు విడిపోయి ప్రీమియర్ లీగ్ పెట్టుకున్నాయి. దాంతో కింద మిగిలినవాటి పేర్లు ఒక్కో అంకె ముందుకు జరిగాయి. పాత థర్డ్ డివిజన్ సెకండ్ అయింది. 2004 నుంచి దాన్నే లీగ్ వన్ అంటున్నారు. పేరు ఎంత మారినా మెట్టు మాత్రం అదే.

ఆ మ్యాచ్‌లో ఎవరి అధీనంలోనూ లేని బంతి కోసం ఇద్దరు మిడ్‌ఫీల్డర్లు ఒకేసారి వెళ్లారు. ఒకరు మెకార్డ్, రెండోవాడు స్వాన్సీకి చెందిన జాన్ కార్న్‌ఫోర్త్. ఫుట్‌బాల్‌లో దీన్ని ఫిఫ్టీ-ఫిఫ్టీ బాల్ అంటారు. ఎవరు వెనక్కి తగ్గినా మనవాడు భయపడ్డాడని సొంత అభిమానులే అరుస్తారు, అందుకే మిడ్‌ఫీల్డర్ తగ్గడు. కార్న్‌ఫోర్త్ జారుతూ వచ్చాడు. అతని కాలు బంతి మీదుగా వెళ్లి మెకార్డ్ కాలికి తగిలింది. మెకార్డ్ కాలు విరిగింది. మళ్లీ అతను ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆడలేదు.

ఇంతవరకు ఇది అందరికీ అర్థమయ్యే విషాదమే. చిక్కంతా దీని తర్వాతే ఉంది. దెబ్బ తగలడం ఆటలో భాగమే అయినప్పుడు, కాలు విరిగినవాడు నష్టపరిహారం ఎలా అడగగలడు? అడిగినా, ఎన్నాళ్లు ఆడేవాడో, ఏ మెట్టులో ఆడేవాడో తెలియని మనిషికి ఎంత ఇవ్వాలో జడ్జి ఎలా తేలుస్తారు?

రోట్లో తల పెట్టాక

రోట్లో తల పెట్టి రోకటి పోటుకు వెరవనేల అంటాం కదా, ఇంగ్లిష్ చట్టంలోనూ అచ్చంగా ఇలాంటి సూత్రమే ఉంది. ప్రమాదం ఉంటుందని తెలిసి, ఒప్పుకుని దిగినవాడు ఆ ప్రమాదం జరిగిందని దావా వేయకూడదు. మన దేశపు సివిల్ చట్టం కూడా ఇంగ్లిష్ కామన్ లా నుంచి వచ్చిందే కాబట్టి హైదరాబాద్, విశాఖల్లో లా చదివేవాళ్లూ ఈ సూత్రాన్ని చదువుతారు. ఫుట్‌బాలర్ మైదానంలోకి దిగాడంటే ట్యాకిళ్లకు (బంతి లాక్కోవడానికి కాలు అడ్డం పెట్టడాలకు), డొక్కలో మోచేతులకు, మడమ మీద పడే బూట్లకు ఒప్పుకున్నట్టే. అలాంటప్పుడు కేసెక్కడిది?

కోర్టులు దీనికి చెప్పిన జవాబు తేలికగానే అర్థమవుతుంది. ఆటలో సహజంగా తగిలే దెబ్బలకు ఆటగాడు ఒప్పుకున్నాడు. ఎదుటివాడి నిర్లక్ష్యానికి మాత్రం ఒప్పుకోలేదు. కబడ్డీలో కూతకు వెళ్లినవాడు పట్టుకుని లాగడానికి ఒప్పుకుంటాడు కానీ, పడిపోయాక మోకాలి మీద గెంతడానికి ఒప్పుకోడు. ఈ సూత్రాన్ని ఇంగ్లండ్ అప్పీల్ కోర్టు 1985లో ఫుట్‌బాల్‌కు స్పష్టంగా వర్తింపజేసింది. ఆ కేసులో ఉన్నది పెద్ద క్లబ్బులు కావు. లీమింగ్టన్ అనే ఊళ్లో స్థానిక లీగ్ మ్యాచ్, ఒక జట్టు విటిల్ వాండరర్స్, ఇంకోటి ఖాల్సా ఫుట్‌బాల్ క్లబ్. వలస వెళ్లిన పంజాబీల పేరు మోసే జట్టు అలా ఇంగ్లిష్ చట్టచరిత్రలోకి ఎక్కింది. 1980లో జరిగిన ఆ మ్యాచ్‌లో ఒక ట్యాకిల్‌కు కాలు విరిగిన ఆటగాడికి 4,900 పౌండ్లు ఇప్పించారు. ఎదుటి ఆటగాడి పట్ల ‘ఆ సందర్భానికి తగిన జాగ్రత్త’ ప్రతి ఆటగాడి బాధ్యతేనని ఆ తీర్పు సారాంశం.

‘ఆ సందర్భానికి తగిన’ అన్న మాటలోనే అసలు మెలిక ఉంది. ఈ కేసులు అన్నీ ఆ మాట చుట్టూనే తిరుగుతాయి. రోడ్డు మీద బండి నడిపేవాడికి ఆలోచించుకునే టైమ్ ఉంటుంది. మైదానంలో సెకనులో సగం కూడా ఉండదు. కాబట్టి తీరిగ్గా కూర్చుని రీప్లే చూసేవాళ్ల కొలతతో ఆటగాణ్ణి కొలవకూడదు. చిన్న పొరపాటును, అంచనా తప్పడాన్ని, కాలు కాస్త ఆలస్యంగా పడడాన్ని చట్టం నిర్లక్ష్యంగా చూడదు.

ఇక్కడే ఇంకో గందరగోళం ఉంది. దీన్ని విడదీయకపోతే ఏ కేసూ అర్థం కాదు. ఫుట్‌బాల్ నియమాల్లో పన్నెండోది ఫౌల్‌ను మూడు రకాలుగా చూస్తుంది. అజాగ్రత్తగా చేస్తే ఫ్రీకిక్ ఇచ్చి వదిలేస్తారు, కార్డు అక్కర్లేదు. ఎదుటివాడికి ఏమవుతుందో పట్టించుకోకుండా చేస్తే ఎల్లో కార్డు. అవసరానికి మించిన బలం వాడి ఎదుటివాణ్ణి ప్రమాదంలో పడేస్తే రెడ్ కార్డు. ఈ మొదటి రకంలోని ‘అజాగ్రత్త’ వేరు, కోర్టు చెప్పే ‘నిర్లక్ష్యం’ వేరు. రిఫరీ ఫౌల్ ఇచ్చినంత మాత్రాన కోర్టులో కేసు నిలవదు. అలాగే రిఫరీ కార్డు చూపించలేదు కాబట్టి కేసు పోతుందనీ లేదు. రిఫరీ అభిప్రాయం ఒక సాక్ష్యం మాత్రమే. తీర్పు జడ్జిదే.

మెకార్డ్‌కు ముందు ఓడిపోయిన ఒకడు

మెకార్డ్ కేసు విచారణకు రావడానికి రెండేళ్ల ముందు, 1994లో, ఇంతకంటే పెద్ద పేర్లున్న కేసు తేలింది. 1992 సెప్టెంబరులో లివర్‌పూల్‌తో మ్యాచ్‌లో చెల్సీ డిఫెండర్ పాల్ ఎలియట్ మోకాలు దెబ్బతింది. లివర్‌పూల్ స్ట్రైకర్ డీన్ సాండర్స్‌తో జరిగిన ఢీ అది. ఎలియట్ కెరీర్ ముగిసింది. అతను దావా వేశాడు, ఓడిపోయాడు. సాండర్స్ నిర్లక్ష్యంగా ఆడాడని నిరూపణ కాలేదని జడ్జి తేల్చారు. ఇంగ్లండ్‌లో కేసు ఓడినవాడు సాధారణంగా ఎదుటిపక్షం ఖర్చులు కూడా భరించాలి. అంటే ఎలియట్‌కు మోకాలు పోయింది, ఆట పోయింది, కేసు పోయింది, ఆ పైన ఖర్చుల భారం. పైమెట్టులో ఆడినవాడి పరిస్థితే అలా ఉంటే, మూడో మెట్టు ఆటగాడు కోర్టు మెట్లెక్కడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి.

నాకు మెకార్డ్ మీద గౌరవం కలిగేది ఇక్కడే. వ్యక్తిగత గాయాల కేసులకు ఇంగ్లండ్‌లో గడువు 3 ఏళ్లు. ఆ గడువు నడుస్తుండగానే ఎలియట్ తీర్పు వచ్చింది. ఇలాంటి కేసులు వేసినవాళ్లకు కొందరికి కోర్టు బయట రాజీలో డబ్బు ముట్టిన మాట నిజమే. కోర్టులో ఒక ప్రొఫెషనల్ ఇంకో ప్రొఫెషనల్ మీద పూర్తి విచారణ జరిపించి గెలిచిన దాఖలా మాత్రం అప్పటికి లేదు. అయినా అతను వెనక్కి తగ్గలేదు.

1996 డిసెంబరులో హైకోర్టు మెకార్డ్ పక్షాన తీర్పు చెప్పింది. ఆ తీర్పులో బాగా గుర్తుపెట్టుకోవాల్సిన విషయం ఒకటుంది. కార్న్‌ఫోర్త్ కావాలని కాలు విరగ్గొట్టాడని జడ్జి అనలేదు. అతను బంతి కోసమే వెళ్లాడని ఒప్పుకున్నారు. కానీ వెళ్లిన తీరు, ఎదుటివాడి పట్ల ఉండాల్సిన జాగ్రత్తకు పొసగనిదిగా ఉందన్నారు. ఉద్దేశం చెడ్డది కాకపోయినా బాధ్యత ఉంటుందన్న మాట. ‘వాడు బంతి కోసమే వెళ్లాడు’ అనేది ఫుట్‌బాల్‌లో అందరూ చెప్పే సాకు. ఆ ఒక్క మాటతో తప్పించుకోవడం కోర్టులో ఇక కుదరదని మూడో మెట్టు మిడ్‌ఫీల్డర్ కేసు తేల్చింది.

పరిహారం సుమారు రెండున్నర లక్షల పౌండ్లు. కార్న్‌ఫోర్త్‌తో పాటు స్వాన్సీ సిటీ క్లబ్ కూడా ప్రతివాదే. లారీ డ్రైవర్ యాక్సిడెంట్ చేస్తే ఓనరు కూడా కట్టాల్సి వస్తుంది కదా, అదే సూత్రం. ఆటగాడు క్లబ్ ఉద్యోగి, పనిలో ఉండగా చేసిన తప్పుకు యజమాని జవాబుదారీ. క్లబ్ వెనక బీమా కంపెనీ ఉంటుంది. ఇది లేకపోతే ఇలాంటి తీర్పులకు విలువే ఉండేది కాదు. మూడో మెట్టులో ఆడే ఇంకో ఆటగాడి జేబులోంచి లక్షల పౌండ్లు రాబట్టడం అయ్యే పని కాదు.

ఆ తీర్పు వచ్చి రెండు నెలలు తిరగకముందే, 1997 ఫిబ్రవరి 1న, బ్రాడ్‌ఫర్డ్ సిటీ స్ట్రైకర్ గోర్డన్ వాట్సన్ కాలు హడర్స్‌ఫీల్డ్ టౌన్ ఆటగాడు కెవిన్ గ్రే ట్యాకిల్‌లో విరిగింది. వాట్సన్‌ను బ్రాడ్‌ఫర్డ్ కొద్ది వారాల ముందే 5,50,000 పౌండ్లకు కొనుక్కుంది. ఆ కేసులో జడ్జి కొలతను ఇంకాస్త పదును పెట్టారు. ఆ స్థానంలో సగటు వివేకమున్న ప్రొఫెషనల్ ఆటగాడు ఉంటే, ఇలా ట్యాకిల్ చేస్తే తీవ్రమైన గాయం అయ్యే ముప్పు గట్టిగా ఉందని గ్రహించేవాడా? గ్రహించేవాడైతే అది నిర్లక్ష్యం. వాట్సన్ గెలిచాడు. అతనికి తొమ్మిది లక్షల పౌండ్లకు పైగా వచ్చింది. తన ఆటగాణ్ణి కోల్పోయినందుకు బ్రాడ్‌ఫర్డ్ క్లబ్ కూడా విడిగా పరిహారం అడిగింది కానీ దానికి దక్కలేదు.

జడ్జి ముందున్న అసలు లెక్క

మెకార్డ్‌కు రెండున్నర లక్షలు. వాట్సన్‌కు తొమ్మిది లక్షలు. పదేళ్ల తర్వాత ఇంకో కుర్రాడికి 43 లక్షలు. విరిగింది ముగ్గురికీ కాలే. మరి ఇంత తేడా ఎందుకు?

ఎందుకంటే కోర్టు వెల కట్టేది కాలికి కాదు, ఆ కాలితో రావాల్సిన జీతానికి. నొప్పికీ బాధకీ ఇచ్చేది మొత్తంలో చిన్న భాగం. మిగతాదంతా పోయిన సంపాదన.

మనకు తెలిసిన పోలికతో చూద్దాం. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో ఏడాది సంపాదనను తీసుకుని, వయసును బట్టి ఒక గుణకంతో హెచ్చిస్తారు. 2009లో సుప్రీంకోర్టు ఖరారు చేసిన పట్టిక ప్రకారం 21 నుంచి 25 ఏళ్ల మధ్యవాళ్లకు ఆ గుణకం 18. ఇంగ్లండ్‌లోనూ ఇలాంటి పట్టికలున్నాయి, 1984 నుంచి వాడుకలో ఉన్నాయి. వాటిని ఆగ్డెన్ టేబుల్స్ అంటారు. అవి తయారైంది 60, 65 ఏళ్ల దాకా పనిచేసే మామూలు ఉద్యోగి కోసం. ఫుట్‌బాలర్ జీవితం ఆ పట్టికలో ఇమడదు. అతనికి సంపాదన అంతా 35 ఏళ్ల లోపే. తర్వాత ఇంకో పని వెతుక్కోవాలి. కాబట్టి రెండు జీవితాలు విడివిడిగా లెక్కకట్టాలి. కాలు విరగకపోతే 35 దాకా ఆటలో ఏం వచ్చేది, ఆ తర్వాత ఏం వచ్చేది? కాలు విరిగాక ఇప్పటి నుంచి ఏం వస్తుంది? ఈ రెండింటి మధ్య తేడాయే నష్టం.

ఊహాజనితమైన అంకెలతో ఒకసారి వేసి చూద్దాం. వారానికి 500 పౌండ్లు తెచ్చుకునే 24 ఏళ్ల ఆటగాడనుకోండి. ఏడాదికి 26,000. ఇంకా 11 ఏళ్లు ఆడేవాడనుకుంటే 2,86,000. గాయం తర్వాత వేరే ఉద్యోగంలో ఏడాదికి 12,000 తెచ్చుకోగలిగితే 11 ఏళ్లలో 1,32,000. తేడా 1,54,000. ఇప్పుడు వారానికి 10,000 తెచ్చుకునేవాణ్ణి తీసుకోండి. అతనికి ఏడాదికే 5,20,000 వస్తుంది. మొదటివాడి 11 ఏళ్ల నష్టాన్ని రెండోవాడు నాలుగు నెలల్లోపే దాటేస్తాడు. ఎముక విరిగినప్పుడు ఇద్దరికీ వచ్చిన శబ్దం ఒకటే. ఈ లెక్కలో అన్యాయం ఉందని నాకు అనిపిస్తుంది. కానీ ఆ అన్యాయం కోర్టుది కాదు, ఆ లెక్కకు ముడిసరుకైన జీతాలది.

ఇక్కడితో లెక్క అయిపోలేదు. ఎదుటిపక్షం లాయరు లేచి, ఇతను 35 దాకా ఆడేవాడని గ్యారంటీ ఏంటి అని అడుగుతాడు. వచ్చే ఏడాదే క్లబ్ వదిలేసేదేమో? వేరే మ్యాచ్‌లో వేరే గాయం అయ్యేదేమో? కింది మెట్లకు జారిపోయేవాడేమో? ఈ ప్రశ్నలన్నీ న్యాయమైనవే. మూడో మెట్టు ఆటగాడికి ఇవి ఇంకా గట్టిగా తగులుతాయి. డెర్బీలో నిలవలేదు, బార్న్స్‌లీ నుంచి లోన్ మీద వెళ్లాడు అనే చరిత్ర అంతా అతనికి వ్యతిరేకంగా చదవచ్చు. అదే చరిత్రను, వదిలేసిన ప్రతిసారీ ఇంకో క్లబ్ పిలిచి తీసుకుంది అని కూడా చదవచ్చు. కింది డివిజన్ ఆటగాడికి రెండోదే నిజమైన సర్టిఫికెట్ అని నేను అనుకుంటాను.

ఇలాంటి ‘ఏమో’లను కోర్టులు ఎలా కొలుస్తాయో బాగా చూపించిన కేసు బెన్ కాలెట్‌ది. అతనూ మిడ్‌ఫీల్డరే, ఎడమవైపు ఆడేవాడు. మాంచెస్టర్ యునైటెడ్ కుర్రాడు. 2003 ఏప్రిల్‌లో ఎఫ్‌ఏ (ఫుట్‌బాల్ అసోసియేషన్) యూత్ కప్ ఫైనల్‌లో మిడిల్స్‌బరోను ఓడించిన జట్టులో ఉన్నాడు. ఆ ఏడాది క్లబ్‌లో ఉత్తమ యువ ఆటగాడికిచ్చే జిమ్మీ మర్ఫీ అవార్డు కూడా అతనిదే. మే 1న యునైటెడ్ రిజర్వ్ జట్టు తరఫున మొదటి మ్యాచ్, మళ్లీ మిడిల్స్‌బరో మీదే. ఆ మ్యాచ్‌లో ఒక ట్యాకిల్‌కు అతని కాలు రెండు చోట్ల విరిగింది. అప్పటికి అతని వయసు 18. కోలుకున్నాక న్యూజిలాండ్‌లో, ఆ తర్వాత నెదర్లాండ్స్‌లో ప్రయత్నించాడు. పాత వేగం తిరిగి రాలేదు, ఆట మానేశాడు.

ఈ కేసులో తప్పెవరిదనే వాదనే రాలేదు. మిడిల్స్‌బరో బాధ్యత ఒప్పుకుంది. తగువంతా ఎంత ఇవ్వాలన్న దాని గురించే. మొదటి జట్టుకు ఒక్క మ్యాచ్ కూడా ఆడని 18 ఏళ్ల కుర్రాడు ఏమయ్యేవాడో ఎవరు చెప్పగలరు? అప్పటి యునైటెడ్ మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్ అతని ప్రతిభ గురించి సాక్ష్యం చెప్పాడు. జడ్జి అతన్ని ఆకాశానికెత్తి యునైటెడ్ స్టార్ అయ్యేవాడని అనలేదు. కెరీర్‌లో ఎక్కువ కాలం రెండో మెట్టయిన ఛాంపియన్‌షిప్‌లో, కొంత కాలం ప్రీమియర్ లీగ్‌లో ఆడేవాడని అంచనా వేశారు. వేరే గాయాలు, ఫామ్ పోవడం లాంటి ముప్పులకు 15 శాతం తగ్గించారు. 2008 ఆగస్టులో వచ్చిన మొత్తం 43 లక్షల పౌండ్లు. ఆ తగ్గింపు చాలదని ఎదుటిపక్షం అప్పీల్‌కు వెళ్లింది. 2009లో అప్పీల్ కోర్టు ఒప్పుకోలేదు.

ఇక్కడ చట్టం పనిచేసే తీరు కొంచెం జాగ్రత్తగా గమనించాలి. తప్పు జరిగిందా లేదా అన్న ప్రశ్నకు జవాబు అవును లేదా కాదు. అక్కడ 51 శాతం నమ్మకం కుదిరితే చాలు, పూర్తిగా నిరూపణ అయినట్టే. భవిష్యత్తు దగ్గరకు వచ్చేసరికి పద్ధతి మారుతుంది. అక్కడ అవకాశాన్ని శాతాల్లో కొలుస్తారు. పైమెట్టుకు ఎక్కే అవకాశం మూడింట ఒక వంతు ఉందనుకుంటే, ఆ జీతంలో మూడింట ఒక వంతు లెక్కలోకి వస్తుంది. ‘ఏమయ్యేవాడో తెలియదు కాబట్టి ఏమీ ఇవ్వం’ అని చట్టం అనదు. తెలియనితనానికి కూడా ఒక వెల కడుతుంది. ఈ ఆలోచన నాకు చాలా మానవీయంగా అనిపిస్తుంది.

హాలండ్ తండ్రి కేసు ఎందుకు వేయలేదు

ఇంత చదివాక చాలామందికి వచ్చే అనుమానం ఆల్ఫీ హాలండ్ గురించి. ఇప్పటి మాంచెస్టర్ సిటీ స్ట్రైకర్ ఎర్లింగ్ హాలండ్ తండ్రి, అప్పట్లో అదే క్లబ్ ఆటగాడు. 2001 ఏప్రిల్‌లో మాంచెస్టర్ యునైటెడ్ కెప్టెన్ రాయ్ కీన్ అతని కుడి మోకాలి మీద చేసిన ట్యాకిల్ ఇప్పటికీ ఇంటర్నెట్‌లో తిరుగుతూనే ఉంటుంది. అది ప్రతీకారమన్నట్టు కీన్ ఆత్మకథలో రావడంతో 2002లో ఫుట్‌బాల్ అసోసియేషన్ 5 మ్యాచ్‌ల నిషేధం, 1,50,000 పౌండ్ల జరిమానా విధించింది. ఉద్దేశం కూడా బయటపడింది, ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది. హాలండ్, సిటీ క్లబ్ దావా ఆలోచన చేసి కూడా చివరికి వేయలేదు.

కారణం ఈ చట్టంలోని మూడో షరతు. ఎదుటివాడి తప్పు నిరూపిస్తే చాలదు, నష్టం ఉందని చూపిస్తే చాలదు, ఆ తప్పు వల్లే ఈ నష్టం వచ్చిందని ముడి వేయాలి. కీన్ తన్నింది కుడి మోకాలిని. హాలండ్‌ను ఆటకు దూరం చేసిన దీర్ఘకాలపు బాధ ఎడమ మోకాలిది. పైగా ఆ ట్యాకిల్ జరిగిన కొద్ది రోజులకే అతను నార్వే తరఫున బరిలో దిగాడు. నైతికంగా ఎంత ఘోరమైన ట్యాకిల్ అయినా, ఆ ముడి పడకపోతే పరిహారం రాదు. మెకార్డ్‌కు ఈ చిక్కు రాలేదు. అతని కాలు ఆ ట్యాకిల్‌లోనే విరిగింది, ఆ తర్వాత మళ్లీ ఆడలేదు.

ఎవరి మీదా కేసు లేనివాళ్లు

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఎదుట ఒక మనిషి ఉన్న కథలు. కింది డివిజన్లలో తొందరగా ముగిసిపోయే కెరీర్లలో ఎక్కువ భాగం ఇలా ఉండవు. ఎవరూ తగలకుండానే మోకాలు మెలిపడి లిగమెంట్ తెగుతుంది. తొడ కండరం ఏడాదిలో నాలుగుసార్లు పట్టేస్తుంది. కాంట్రాక్ట్ జూన్ 30తో ముగుస్తుంది, క్లబ్ కొత్తది ఇవ్వదు. లేదా క్లబ్బే మాయమవుతుంది. 2019 వసంతంలో లీగ్ వన్‌కు ప్రమోట్ అయిన బరీ క్లబ్‌ను అదే ఏడాది ఆగస్టు 27న డబ్బు చిక్కులతో లీగ్ నుంచి తీసేశారు. ఆ ఆటగాళ్లకు కాళ్లు బాగానే ఉన్నాయి, ఆడడానికి జట్టు లేదు. వీటికి నిర్లక్ష్యపు చట్టం చెప్పగలిగేది ఏమీ లేదు.

వీళ్లకు దిక్కయ్యేది ఇంకో పాత దారి, ఆటగాడు కూడా పనివాడే అన్న గుర్తింపు. దీనికోసం పెద్ద పోరాటమే జరిగింది. ఆటగాళ్ల సంఘం 1907లో మాంచెస్టర్‌లో పుట్టింది, ఇప్పుడు దాన్నే పీఎఫ్ఏ (ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్స్ అసోసియేషన్) అంటున్నాం. పనిలో గాయపడిన కార్మికుడికి యజమాని పరిహారం ఇవ్వాలన్న 1906 చట్టం ఫుట్‌బాలర్లకు వర్తిస్తుందా అన్న ప్రశ్న అప్పట్లో నలిగింది. ఆట అంటే సరదా కదా, సరదాకు కూలీ ఏంటి అన్నది ఎదుటి వాదన. క్రిస్టల్ ప్యాలెస్ ఆటగాడొకరు మోకాలి గాయంతో కోర్టుకెళ్తే అప్పీల్ కోర్టు అతని వైపే నిలబడింది. 1910 నాటి తీర్పుగా పుస్తకాల్లోకెక్కిన ఆ కేసు తర్వాత, జీతానికి ఆడేవాడు చట్టం దృష్టిలో పనివాడే అయ్యాడు.

ఇవాళ ప్రొఫెషనల్ ఆటగాడు సంతకం పెట్టే ప్రామాణిక కాంట్రాక్ట్‌లో ఆ పోరాటం ఫలితం కనిపిస్తుంది. ఆటలో గాయపడితే మూల జీతం 18 నెలల దాకా ఆగకూడదు. కాంట్రాక్ట్ మిగిలి ఉంటేనే సుమా. 20 నెలల్లో 18 నెలలు ఒకే గాయంతో ఆడలేకపోతే, లేదా ఇక ఎప్పటికీ ఆడలేడని డాక్టర్లు తేలిస్తే, క్లబ్ కాంట్రాక్ట్‌ను రద్దు చేయచ్చు. గాయం ఆటలో తగిలినదైతే 12 నెలల ముందు నోటీసు ఇవ్వాలి, కాకపోతే 6 నెలలు. ప్రీమియర్ లీగ్ స్టార్ అయినా, నాలుగో మెట్టైన లీగ్ టూ మిడ్‌ఫీల్డర్ అయినా ఈ నిబంధన ఒకటే. తేడా ఏంటంటే, స్టార్‌కు ఆ 12 నెలల జీతం జీవితానికి సరిపోతుంది. లీగ్ టూ కుర్రాడు ఆ 12 నెలల్లోనే, 16 ఏళ్లకు స్కాలర్‌షిప్ మీద అకాడమీలో చేరినప్పటి నుంచీ తనకు వచ్చిన ఒకే ఒక్క పనిని పక్కన పెట్టి, ఇంకోటి మొదటి నుంచి నేర్చుకోవాలి.